విమానం హైజాక్ చేసి.. 2 లక్షల డాలర్లతో గాల్లోంచి దూకేశాడు! ఎవరీ డీబీ కూపర్?

అలిపిరి చెక్‌పోస్టులో బ్యాగులు స్కాన్ చేయకుండా కొండపైకి పంపరు. రేణిగుంట ఎయిర్‌పోర్టులోనూ తనిఖీలు అయ్యాకే విమానం ఎక్కనిస్తారు. కానీ 1971లో అమెరికాలో విమానం ఎక్కడమంటే మన ఆర్టీసీ బస్సు ఎక్కినంత ఈజీ. మామూలుగా బ్యాగు తెరిచి చూసేవారే లేరు. ఆ లోపాన్నే వాడుకున్నాడు ఓ అజ్ఞాత వ్యక్తి.

అసలేం జరిగింది?

1971 నవంబర్ 24. పోర్ట్‌లాండ్‌లో సూటు, నల్ల టైతో ఉన్న ఓ నడివయసు వ్యక్తి డాన్ కూపర్ పేరుతో సియాటిల్‌కు టికెట్ కొన్నాడు. మీడియా పొరపాటుతో అదే తర్వాత 'డీబీ కూపర్' అయింది. నార్త్‌వెస్ట్ ఓరియంట్ సంస్థ బోయింగ్ 727 గాల్లోకి లేచాక ఎయిర్‌హోస్టెస్‌కు చీటీ ఇచ్చాడు. ఫోన్ నంబర్ అనుకుని ఆమె పక్కన పెట్టేశారు. తన దగ్గర బాంబు ఉందని చెప్పాక కానీ విషయం అర్థం కాలేదు. బ్రీఫ్‌కేస్‌లో ఎర్రటి గొట్టాలు, వైర్లు కనిపించాయి.

అతను అడిగింది 2 లక్షల డాలర్లు, 4 పారాచూట్లు. అవి అందాక సియాటిల్‌లో 36 మంది ప్రయాణికులను వదిలేశాడు. నలుగురు సిబ్బందితో విమానాన్ని మళ్లీ లేపించి, మెక్సికో వైపు పోనివ్వమన్నాడు.

ప్లాన్ ఏంటి?

బోయింగ్ 727కు తోక కింద మెట్లుంటాయి. వాటిని గాల్లో కూడా దించొచ్చు. ఈ సంగతి అతనికి ముందే తెలుసు. అందుకే 10 వేల అడుగులు దాటొద్దని, చక్రాలు దించే ఉంచాలని, నెమ్మదిగా వెళ్లాలని షరతులు పెట్టాడు. రాత్రి 8 దాటాక, చలిలో, వానలో ఆ మెట్ల మీద నుంచి దూకేశాడు. రీనోలో విమానం దిగేసరికి సీటు దగ్గర మిగిలింది అతని టై.

దొరికాడా?

లేదు. 1980లో కొలంబియా నది ఒడ్డున ఇసుకలో ఓ ఎనిమిదేళ్ల బాలుడికి సుమారు 5,800 డాలర్లు దొరికాయి. నంబర్లు చూస్తే కూపర్‌కు ఇచ్చిన నోట్లే! మిగతా సొమ్ము ఇప్పటికీ బయటపడలేదు. బతికాడో, అడవిలోనే చనిపోయాడో కూడా తేలలేదు. 45 ఏళ్లు వెతికిన ఎఫ్‌బీఐ, 2016 జులైలో దర్యాప్తు ఆపేసింది.

ఆ తర్వాత ఏం మారింది?

కూపర్‌ను చూసి మరికొందరు అదే బాట పట్టారు. 1972 ఏప్రిల్‌లో రిచర్డ్ మెక్‌కాయ్ 5 లక్షల డాలర్లతో దూకాడు. కానీ రెండ్రోజుల్లోనే దొరికిపోయాడు. దీంతో బోయింగ్ 727 వెనుక మెట్లు గాల్లో తెరుచుకోకుండా చిన్న పరికరం బిగించారు. దాని పేరే 'కూపర్ వేన్'. 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడినీ, ప్రతి చేతి బ్యాగునూ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది.

మన దగ్గర?

1999 డిసెంబర్‌లో ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకెళ్లారు. ప్రయాణికుల కోసం భారత్ ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెట్టాల్సి వచ్చింది. 2016 హైజాకింగ్ నిరోధక చట్టం ప్రకారం నేరస్థుడికి జీవితఖైదు, బందీలు చనిపోతే మరణశిక్ష పడే అవకాశం ఉంది. నమ్మేలా బెదిరించినా హైజాకింగ్ కిందే లెక్క. కాబట్టి విమానంలో బాంబు ఉందని సరదాకి కూడా అనొద్దు!