నాన్న రాత ఎక్కడ ఆగింది?

1973 సెప్టెంబరు 2న జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో కన్నుమూశారు. వయసు 81. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వచ్చి అప్పటికి దాదాపు ఇరవయ్యేళ్లు. లోకానికి ఆయన ఆ నవల రాసిన మనిషి. ఆయన ప్రాణం మాత్రం వేరే పుస్తకంలో ఉండేది. పాతికేళ్లు నిండీ నిండని వయసులో మొదలుపెట్టి, యాభై ఏళ్లకు పైగా రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ, చివరికి ముగించకుండానే వెళ్లిపోయారు. దాని పేరు ‘సిల్మరిలియన్’.

వీలునామాలో ఆ కాగితాలన్నిటినీ మూడో కొడుకు క్రిస్టఫర్‌కు అప్పగించారు. అచ్చుకానివాటిని ప్రచురించవచ్చు, దిద్దవచ్చు, మార్చవచ్చు, తిరగరాయవచ్చు, పూర్తి చేయవచ్చు, వద్దనుకుంటే నాశనం కూడా చేయవచ్చు. ఇంత అధికారం ఉన్నవాడు ఏం చేసినా అడిగే దిక్కుండదు. క్రిస్టఫర్ ఆ అధికారాన్ని మొదట ఒకలా వాడారు. తర్వాత దాదాపు ఇరవయ్యేళ్లు దానికి పూర్తిగా ఎదురు దిశలో నడిచారు. రచయిత పోయాక చిత్తుప్రతులను ఏం చేయాలన్న ప్రశ్నకు చేతల్లో జవాబు చెప్పినవాళ్లలో నేను ముందుగా తలుచుకునేది ఆయన్నే.

ఆ కాగితాల పుట్టుక యుద్ధంలో ఉంది. 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర జరిగిన పోరులో టోల్కీన్ సిగ్నల్స్ అధికారి. కందకాల్లో పేల వల్ల సోకే జ్వరం పట్టుకుని నవంబరులో ఇంగ్లండ్ చేరారు. స్కూలు రోజుల నాటి ప్రాణస్నేహితులు ఇద్దరు ఆ ఏడాదే చనిపోయారు. ఆ కోలుకునే రోజుల్లో రాసినదే ‘గాండోలిన్ పతనం’. కొండల నడుమ ఎవరి కంటా పడకుండా దాగిన నగరం అది. శత్రువు లోహంతో చేసిన డ్రాగన్లను తోలుకొచ్చి, మంటలు కురిపించి దాన్ని కూల్చేస్తాడు. యుద్ధభూమిలోకి ట్యాంకులు తొలిసారి దిగింది కూడా ఆ ఏడే, ఆ సోమ్ పోరులోనే.

ఆ తొలి కథలను ఆయన రాసిన తీరు చూస్తే సంపాదకుడి కష్టం ఎలాంటిదో అర్థమవుతుంది. ముందు పెన్సిల్‌తో గబగబా రాసేవారు. తర్వాత అదే కాగితం మీద, ఆ రాత మీదే సిరాతో మార్చి రాసి, అడుగున ఉన్న పెన్సిల్ గీతలను రబ్బరుతో చెరిపేసేవారు. తొలి పాఠం అలా చాలాచోట్ల తిరిగి దొరక్కుండా పోయింది. భార్య ఎడిత్ కొన్నిటిని నోటుపుస్తకాల్లోకి శుభ్రంగా ఎత్తి రాసిపెట్టారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ కథలే పద్యకావ్యాలయ్యాయి, వచనమయ్యాయి, ఏడాది వారీ వృత్తాంతాలయ్యాయి. పేర్లు మారేవి, వంశవృక్షాలు మారేవి. ఒక రూపం సగంలో ఆగిపోయేది, ఈలోగా ఇంకొకటి మొదలయ్యేది.

1937లో ‘ది హాబిట్’ బాగా అమ్ముడుపోవడంతో ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ ఇంకేమైనా ఉందా అని అడిగారు. టోల్కీన్ ఆశగా ఈ కథల కట్ట పంపారు. ప్రచురణ సంస్థకు అది కొరుకుడు పడలేదు. మర్యాదగా తిప్పి పంపి, హాబిట్లతోనే ఇంకో కథ రాయమన్నారు. ఆ డిసెంబరులో మొదలైనదే ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. అది ముగిశాక, రెండూ కలిపే అచ్చు కావాలని 1950 ప్రాంతంలో ఆయన పట్టుబట్టారు. యుద్ధం తర్వాత కాగితం బంగారమైన రోజులవి. ఎవరూ ముందుకు రాలేదు. 1954-55లో నవల ఒక్కటే మూడు సంపుటాలుగా వచ్చింది.

ఆ తర్వాత అచ్చు వేసేవారికి కరువు లేదు. అప్పుడు అడ్డుపడింది రచయిత మనసే. ఆయన పురాణంలో భూమి మొదట బల్లపరుపు. సూర్యచంద్రులు సృష్టి ఆరంభంలో ఉండరు. వెలుగునిచ్చే రెండు మహావృక్షాలు చచ్చిపోతూ ఇచ్చిన చివరి పండు సూర్యుడు, చివరి పువ్వు చంద్రుడు. కథంతా ఆ రెండు చెట్ల వెలుగు మీదే నిలబడి ఉంది. 1950ల చివర్లో ఆయనకు అనుమానం పట్టుకుంది: భూమి గుండ్రమని, సూర్యుడు దానికంటే ముందున్నాడని తెలిసిన కాలంలో ఈ కల్పన నిలుస్తుందా? పైకప్పు వేయని ఇంటికి పునాది మార్చాలని తవ్వకం మొదలుపెట్టినట్టయింది. అరవై దాటిన మనిషి. ముందుకు సాగలేదు, వెనక్కి రాలేదు.

క్రిస్టఫర్‌కు ఈ కథలు ఉగ్గుపాలతో వచ్చినవే. 1924లో పుట్టిన ఆ పిల్లవాడు హాబిట్ కథ వింటూ, పోయినసారి కథానాయకుడు బిల్బో ఇంటి తలుపు నీలం రంగు అన్నావు, ఇప్పుడు పచ్చ అంటున్నావేమని తండ్రిని నిలదీసేవాడు. తండ్రి విసుక్కుంటూనే లేచి వెళ్లి ఆ సంగతి రాసిపెట్టుకునేవారట. రెండో ప్రపంచయుద్ధంలో క్రిస్టఫర్ వైమానిక దళంలో చేరి దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కొత్త అధ్యాయాలు రాసినవి రాసినట్టు టపాలో ఆయనకు చేరేవి. నవలలోని పటాలు గీసింది కూడా ఆయనే. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు సాహిత్యం బోధించారు. పాత రాతప్రతులను వరుసలో పెట్టడం ఆయన వృత్తి. కొడుకు కావడం కన్నా ఈ చదువే ఆ కాగితాలకు ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం.

1974లో గై గేవ్రియల్ కే అనే కెనడా విద్యార్థి సాయంగా వచ్చాడు. తర్వాత తనే పేరున్న ఫాంటసీ నవలాకారుడయ్యాడు. క్రిస్టఫర్ మొదట పండితుడి పద్ధతిలోనే వెళ్లారు: పాఠాంతరాలు, వ్యాఖ్య. తర్వాత మనసు మార్చుకుని, అన్ని ప్రతుల నుంచీ ఏరి, మొదలు నుంచి తుద దాకా ఒకే కథగా కూర్చారు. ఇక్కడ తెలుగు చదువరికి ఎఱ్ఱన గుర్తుకు రాకమానడు. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని ఆయన నన్నయ గొంతులోనే ఎత్తుకుని, నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అతుకు తెలియకూడదన్నదే ఆయన పట్టుదల. ‘సిల్మరిలియన్’ విషయంలో క్రిస్టఫర్ కూడా ఆ దారే పట్టారు.

ఒక్క అధ్యాయం దగ్గర మాత్రం ఏరి కూర్చడం కుదరలేదు. డోరియత్ రాజ్యం ధ్వంసమయ్యే కథ అది. దాన్ని తండ్రి చివరిసారి పూర్తిగా చెప్పింది 1930 నాటి పాఠంలోనే. ఆ తర్వాత మిగతా కథ పెరిగి మారిపోయింది, ఇది మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. రాణి మెలియన్ మంత్రవలయం రాజ్యం చుట్టూ కోటలా ఉంటుంది; దాన్ని దాటి శత్రుసేన లోపలికి రాలేదు. మరి మరుగుజ్జుల సేన వచ్చి రాజు థింగోల్‌ను ఎలా చంపుతుంది? రాజును ఎలాగో వలయం బయటికి రప్పించాలని తండ్రి ఒక చోట సూచనగా రాసుకుని వదిలేశారు. క్రిస్టఫర్, కే కలిసి వేరే దారి వెతికారు. లోపల కొలిమిలో నగ చేస్తున్న మరుగుజ్జు పనివాళ్లే రాజును చంపుతారు. భర్త పోయిన దుఃఖంలో మెలియన్ వెళ్లిపోతుంది. ఆమెతోపాటే వలయం మాయమవుతుంది. అప్పుడు సేన వస్తుంది. కథగా చూస్తే చక్కగా అమరింది. ఎంత చక్కగా అంటే, 1977 సెప్టెంబరులో పుస్తకం వచ్చినప్పుడు చదివినవాళ్లకు అది తండ్రి కల్పన కాదని పసిగట్టే దారే లేదు.

పుస్తకం అమెరికాలో అమ్మకాల పట్టికల్లో మొదటి స్థానానికి ఎక్కింది. విమర్శకుల్లో చాలామందికి నచ్చలేదు. క్రిస్టఫర్‌ను కలతపెట్టింది అది కాదు. తండ్రి మాట ఎక్కడ ఆగిందో, తన చేయి ఎక్కడ కలిసిందో పాఠకుడికి చెప్పకుండా దాచాననే సంగతి ఆయన్ని వదల్లేదు. అప్పటికే, 1975లో, ఆక్స్‌ఫర్డ్ ఉద్యోగం వదిలేశారు. పెట్టెలకొద్దీ కాగితాలతో దక్షిణ ఫ్రాన్స్‌కు వెళ్లి స్థిరపడ్డారు.

1980లో వచ్చిన ‘అన్‌ఫినిష్డ్ టేల్స్’లో పద్ధతి మారిపోయింది. అసంపూర్ణ కథలను అసంపూర్ణంగానే అచ్చు వేశారు. అందులో గాండోలిన్ కథకు 1951 ప్రాంతంలో తండ్రి మొదలుపెట్టిన కొత్త రూపం ఉంది. వీరుడు ట్యూర్ మంచులో, ఆకలిలో నడిచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు ద్వారాలు దాటి, దాగిన నగరాన్ని మొదటిసారి కళ్లారా చూస్తాడు. అక్కడితో రాత ఆగిపోయింది. నగరం లోపలి జీవితం, ముట్టడి, పతనం ఏవీ ఆ గంభీరమైన వచనంలో లేవు. కావాలంటే యువకుడిగా రాసిన పాత కథకు వెళ్లాల్సిందే. తండ్రి వదిలేసిన అసంపూర్ణ రచనలన్నిటిలో చదువుతుంటే గుండె కలుక్కుమనేది నాకిదే. దీనికి ఎవరైనా ఎంత అందమైన ముగింపు అతికించినా నేను చదవను.

1983 నుంచి 1996 వరకు ‘ది హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్’ పన్నెండు సంపుటాలుగా వెలువడింది. తొలి కథల నోటుపుస్తకాల నుంచి చివరి సందేహాల దాకా ప్రతి రూపం, దాని తేదీ, దేని మీద ఏది రాశారు, ఏ కాగితం వెనక రాశారు, అన్నీ వివరంగా. టోల్కీన్ చాలాసార్లు విద్యార్థుల పరీక్ష పేపర్ల వెనక రాసేవారు. ఆ పేపరు మీది తేదీని బట్టి అధ్యాయం ఎప్పుడు రాశారో కొడుకు తేల్చేవారు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్తుప్రతులను తండ్రి 1957లోనే అమెరికాలోని మార్కెట్ యూనివర్సిటీకి 1,500 పౌండ్లకు అమ్మేశారు. క్రిస్టఫర్ వాటి నకళ్లు తెప్పించుకుని మరీ పని చేశారు.

ఆ చిత్తుల్లో ఏముందంటారా? నవల కథానాయకుడు ఫ్రోడో పేరు మొదట బింగో. చివరికి రాజయ్యే అరగార్న్ మొదటి ప్రతుల్లో మనిషే కాదు, కాళ్లకు చెక్క జోళ్లు తొడుక్కుని తిరిగే ఒక హాబిట్, పేరు ట్రాటర్. అతనెవరో రాసేవారికే తెలియదు. చాలా పేజీలు, చాలా తిరగరాతలు దాటాకే ఆ చెక్క జోళ్లవాడు రాజవంశీకుడని ఆయనకు తెలిసొచ్చింది. కథలు రాసేవాళ్లెవరైనా సరే, రచనా పాఠాల పుస్తకాలు పక్కన పెట్టి ఈ సంపుటాలు చదవాలి. మహారచయిత కూడా దారి తెలియక ఎంతెంత దూరం నడిచాడో ఇంత నిజాయితీగా చూపించిన పుస్తకాలు ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

ఈ సంపుటాల్లోనే క్రిస్టఫర్ తన పాత పనిని కూడా విప్పి చూపారు. ఈ కథలు మనదాకా ఎలా వచ్చాయో చెప్పే చట్రం లేకుండా ‘సిల్మరిలియన్’ను ఒంటరిగా నిలబెట్టడం పొరపాటని 1983లో రాశారు. రాజు గిల్‌గలాడ్‌ను ఫింగాన్ కొడుకుగా చెప్పడం తండ్రి చివరి ఉద్దేశం కాదని ఒప్పుకున్నారు. 1994 నాటి సంపుటంలో డోరియత్ అధ్యాయం గురించి, సంపాదకుడి హద్దు దాటకుండానే ఆ చిక్కులు విప్పగలిగి ఉండాల్సిందని చెప్పారు. లక్షల మంది చదివేసిన పుస్తకం గురించి, ఎవరూ పట్టుకోలేని చోటు గురించి, ఆయనంతట ఆయనే చెప్పిన మాటలివి.

చిత్తుప్రతులు బయటపెట్టకూడదు అనేవాళ్ల వాదనను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఫాంటసీ నవలాకారుడు టెర్రీ ప్రాచెట్ తను పోయాక సగం రాసినవేవీ మిగలకూడదని కోరుకున్నారు. అల్జీమర్స్‌తో పోరాడుతూ 2015 మార్చి 12న చనిపోయారు. ఆయన హార్డ్ డిస్క్‌ను 2017 ఆగస్టు 25న డోర్సెట్‌లో జరిగిన ఆవిరి యంత్రాల ప్రదర్శనలో ‘లార్డ్ జెరికో’ అనే పాతకాలపు రోడ్డు రోలర్ కింద పెట్టి తొక్కించారు. అది లొంగకపోతే రాళ్లు పిండిచేసే యంత్రంలో వేశారు. దగ్గరుండి ఆ పని చేయించింది ఆయన సహాయకుడు రాబ్ విల్కిన్స్. ఆ ముక్కలు సాలిస్‌బరీ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అభిమానులు బాధపడ్డారు, నేనూ ఆయన పాఠకుడినే. అయినా విల్కిన్స్ చేసింది సరైన పని. ప్రాచెట్ వద్దన్నారు, టోల్కీన్ జీవితమంతా అచ్చు కోసం ఎదురుచూశారు. రెండు చోట్లా వారసులు పోయిన మనిషి మాటే విన్నారు.

క్రిస్టఫర్ 2007లో ‘ది చిల్డ్రన్ ఆఫ్ హూరిన్’ను ఒకే కథగా తెచ్చారు. ఈసారి సొంత కల్పన కలపకుండా తండ్రి వాక్యాలతోనే కూర్చి, ఎలా కూర్చారో అనుబంధంలో చెప్పారు. 2017లో ‘బెరెన్ అండ్ లూథియన్’ తెచ్చి, బహుశా ఇదే నా ఆఖరి పుస్తకమన్నారు. మరుసటి ఏడు, 93 ఏళ్ల వయసులో, ‘గాండోలిన్ పతనం’ రూపాలన్నిటినీ పక్కపక్కన పెట్టి అచ్చు వేశారు. 2020 జనవరిలో ఫ్రాన్స్‌లో చనిపోయారు.

ఇప్పుడు ఆ పని ఇతరుల చేతుల్లో ఉంది. 2022లో బ్రయన్ సిబ్లీ సంపాదకుడిగా వచ్చిన ‘ది ఫాల్ ఆఫ్ న్యూమెనార్’లో ఉన్నది చాలావరకు అంతకుముందే అచ్చయిన పాఠాలే, వాటిని కాలక్రమంలో పేర్చి ఇచ్చారు. కొత్తగా చదివేవారికి పనికొస్తుంది, అంతకుమించి నాకేమీ దొరకలేదు. 2021లో కార్ల్ హోస్టెటర్ తెచ్చిన ‘ది నేచర్ ఆఫ్ మిడిల్ ఎర్త్’ దారి వేరు. కథలు కావవి, చివరి ఏళ్లలో టోల్కీన్ తనకోసం రాసుకున్న నోట్సు. తన కథల్లోని ఎల్ఫ్ జాతికి ఒక ఏడు వయసు పెరగాలంటే భూమి మీద 144 ఏళ్లు గడవాలని నిర్ణయించుకుని, ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరికి పెళ్లీడు ఎప్పుడొచ్చిందో ఆయన పేజీలకు పేజీలు లెక్కలు కట్టారు. అంకెలు కథతో కుదరనప్పుడు కొట్టేసి మళ్లీ మొదటి నుంచి కట్టారు. హోస్టెటర్ ఆ కొట్టివేతలను కూడా తీసేయకుండా వేశారు.