కరెంటు తిరిగి వచ్చు వేళ

మా సిరోంచ తాలూకా బిడ్డలు చదువు కొరకు ఇల్లు విడుచుట నేటి మాట కాదు. ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి చేరువగా నున్న ఈ ఊరు 1860 నాటి సంధితో నిజాము ప్రభుత్వము నుండి ఆంగ్లేయుల చేతికి వచ్చి, అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమై, 1874లో ఆ జిల్లాయే రద్దు కాగా చాందా జిల్లాలో నొక తాలూకాగా మిగిలినది. పిమ్మట మధ్యపరగణాలు, మధ్యప్రదేశము, 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా. కాగితముల మీది శీర్షికలు మారుచు వచ్చినవి. మా ఇండ్లలో తెలుగు మారలేదు. కోరిన చదువు ఊర దొరకకపోవుటయు చాలకాలము మారలేదు.

1923లో నాగపూరు విశ్వవిద్యాలయము ఏర్పడెను గనుక ప్రభుత్వపు దారి అటు చూపుచుండెను. భాష, చుట్టరికము నది కావలి ఓరుగల్లును, హైదరాబాదును చూపుచుండెను. వారములు చేసికొని చదివినవారి కథలు, సత్రపు అరుగున పడుకొని చదివినవారి కథలు మన పెద్దలు చెప్పగా విన్నవే. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు వంటి వసతిగృహములు ఎందరు పల్లెబిడ్డలకు నీడనిచ్చినవో చెప్పనక్కరలేదు. ఆ చరిత్ర వ్రాయదగినవారు వేరుగా కలరు. మేము చూడదలచినది అంతకంటె చిన్న సంగతి: చదువుకొనువాని గదిలోని దీపము, పంకా, నీళ్ల హీటరు, వానికి నేడు అబ్బిన తెలివి. ఇంగ్లీషున స్మార్ట్ హోమ్ అని పిలుచుచున్న ఈ ఏర్పాటు మా మనుమరాలి అద్దెగదిలో ప్రవేశించుటచే, కచేరీలో చిరకాలము దస్త్రములు మోసిన మా కంటికి ఇందులో నొక పాత ప్రశ్న కనబడినది.

మేము మెట్రిక్ పరీక్షకు చదివినది కందిలి వెలుగున. ఊర కరెంటు స్తంభములు లేకపోలేదు. వానకాలమున తీగలపై చెట్టుకొమ్మ పడిన, అది బాగగు దాక చీకటే. మా తల్లిగారు కరెంటు ఉన్న రాత్రియు కందిలి ఒత్తి తగ్గించి మూలన పెట్టెడివారు. గాసునూనె వృథా యని నాయన కసరిన వినెడివారు కారు. కరెంటు పోయినపుడు అందరము స్విచ్చు సంగతి మరచి నిద్రపోయెడివారము. అర్ధరాత్రి రెండు గంటలకు కరెంటు రాగా, నడింటి బుగ్గ ఒక్కమారు భగ్గున వెలిగి పసిపిల్లలు మొదలు ముసలివారి దాక అందరిని లేపెడిది. ఎవరు లేచి ఆర్పవలెనని ఒక చిన్న తగవు. ఇట్టిది జరుగని ఇల్లు మన పక్షమున ఉండదని మా నమ్మకము. మేము చెప్పదలచిన కథయంతయు ఆ రెండు గంటల బుగ్గ చుట్టునే తిరుగును.

ఇల్లు తన్ను తాను చూచుకొనవలెనను తలపు ఎక్కడ పుట్టినదని విచారింపగా, అదియు ఒక చదువుల గదిలోనే కనిపించుట మాకు సంతోషము కలిగించినది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అను అధ్యాపకుడుండెను. చలిదేశము గనుక నేలమాళిగలో కొలిమి. దాని కాపరి మాటిమాటికి తరగతులలోనికి వచ్చి వేడి ఎంతయున్నదో చూచి పోవలెను. పాఠము మధ్య ఈ రాకపోకలకు విసిగి, 1883లో జాన్సన్ ఒక పరికరమును నిర్మించెను. గదిలో వేడి మారగా లోహపు పట్టీ వంగి, కింద కాపరి వద్ద గంట మ్రోగించును. అతడు లేచి వేడిగాలి తలుపును తెరచుటయో మూయుటయో చేయును. గమనింపుడు: ఆ యంత్రము తాను ఏమియు చేయదు, మనిషికి కబురు చెప్పును, అంతే. మా దృష్టిలో అది మిక్కిలి మర్యాదగల యంత్రము.

తరువాతివి అంత మర్యాద పాటింపలేదు. 1966లో పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ సదర్లాండ్ అను వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు తన ఇంటిలోనే ఎకో ఫోర్ అను పెద్ద బీరువాలవంటి కంప్యూటరును నిలిపి, వేడిని, గడియారములను, సరకుల పట్టీని దానికి అప్పగించెను. 1975లో స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ ఊరి కంపెనీ యొకటి ఎక్స్-10 అను పద్ధతిని రూపొందించెను. ఇంటి కరెంటు తీగల మీదుగానే దీపమునకు ఆజ్ఞ పంపవచ్చును. వీరందరి ఊహలో కరెంటు ఎప్పుడును ఉండునదే. పోయిన కరెంటు తిరిగి వచ్చినపుడు ఏ వస్తువు ఏమి చేయవలెనను ప్రశ్న వారికి పక్కనున్న చిల్లర విషయము. మనకు అదియే మొదటి విషయము.

ఈ ప్రశ్నకు మన తెలుగు రైతు తనకు తానే ఒక జవాబు కనిపెట్టెను. దానిని స్మార్ట్ అని ఎవరును అనలేదు; ఆటో స్టార్టరు అనిరి. 2004 నుండి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత కరెంటు వచ్చెను గాని అది దినమునకు ఏడు గంటలు, అదియు విడతలుగా, సగము రాత్రివేళ. నదికావలి మహాదేవపూరు, కాటారం వైపు మా బంధువులు ఎప్పుడు వచ్చునో తెలియని కరెంటు కొరకు చీకటిలో చేను గట్టున నిలిచెడివారు. పాముకాటు భయమొకటి, తడిచేతితో స్టార్టరు ముట్టు భయమొకటి. మూడు ఫేజులు వచ్చినవా అని తానే కనిపెట్టి మోటారును నడుపు చిన్నడబ్బా దొరకగా రైతు ఇంట నిద్రపోయెను. మహారాష్ట్రలో పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ఇంకొక అడుగు వేసి, నానో గణేశ్ అను పేర సెల్‌ఫోను నుండియే మోటారును నడుపు సాధనమును చేసెను. నగరపు మేడలలో స్మార్ట్ దీపములు వెలుగక ముందే మన చేలలో మోటార్లు దూరపు ఆజ్ఞను వినుచుండెను.

అయితే ఆటో స్టార్టరుకు ఒక దోషము కలదు. కరెంటు రాగానే పంపులన్నియు ఒక్కమారు లేచుటచే ట్రాన్స్‌ఫార్మరు మీద భారము పడును. రైతు నిద్రలో నుండగా నీరు పారుచునే యుండును. 2018 జనవరి 1 నుండి తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చుచు, ఆటో స్టార్టర్లు తీసివేయుడని రైతులను వేడుకొనవలసి వచ్చెను. ఒకనాడు ప్రాణము కాపాడిన డబ్బా, పరిస్థితి మారగానే భూగర్భజలమునకు శత్రువైనది. ఈ చరిత్ర మా ఇంట ఎవరికైన గుర్తుండవలసినది. గుర్తులేదు.

గోదావరిపై వంతెన వచ్చిన తరువాత మా మనుమరాలికి నాగపూరు కంటె హనుమకొండ దగ్గరైనది. అచ్చట పది అడుగులకు పన్నెండు అడుగుల గది, ఇద్దరు ఆడపిల్లలు, మూలన వంటగట్టు, ఓనరు వేరుగా మీటరు పెట్టి యూనిట్ల లెక్కన వసూలు చేయును. గోడకు మేకు కొట్టరాదు, స్విచ్చుబోర్డు విప్పరాదు, ఖాళీ చేయునాడు పెట్టినవన్నియు ఊడదీసికొని పోవలెను. పిల్ల కంప్యూటరు చదువులోనిది. ఫోనుతో వెలుగు బుగ్గను, రెండు స్మార్ట్ ప్లగ్గులను కొని, మాకు ఫోనులో చూపి మురిసినది. మేమును మురిసితిమి.

ఆ చలికాలమున ఒక ఉదయము బకెట్టులో హీటరు రాడ్డు పెట్టి స్మార్ట్ ప్లగ్గుతో వేసినదట. నీళ్లు కాగక మునుపే కరెంటు పోయినది. పిల్ల చన్నీళ్లతో స్నానము ముగించి, రాడ్డు తీసి ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద పెట్టి, ప్లగ్గు సంగతి మరచి కాలేజీకి పోయినది. పదకొండు గంటలకు కరెంటు వచ్చినది. ప్లగ్గు తన తెలివిని చూపినది: పోవునపుడు తాను వెలిగియుంటినని జ్ఞాపకము పెట్టుకొని తిరిగి వెలిగినది. నీరులేని రాడ్డు ఎర్రబడి పీటను కరగించుచుండగా, మరచిన పుస్తకము కొరకు తోటిపిల్ల గదికి తిరిగి రాబట్టి అంతటితో పోయినది. ప్లగ్గు మీద ముద్రించినది 6 ఆంపియర్లు. రాడ్డు 1500 వాట్లు. 230 వోల్టులతో 6ను గుణింపగా వచ్చునది 1380. ఈ లెక్క మా వంటి మెట్రిక్ చదివినవారికి సైతము చేతనగును. అమ్మినవాడు చేయలేదు, కొన్నది చేయలేదు.

పిల్ల రెండు దినములు మాకు చెప్పలేదు. చెప్పిన రాత్రి మేము కసరలేదు. “తాతా, ఇగ ఇవన్ని తీసేస్త” అన్నది. “తీసేయకు బిడ్డా. ముందుగాల ఒక కాగితం తీసి ఒక్కొక్క వస్తువు పేరు రాయి. దాని ఎదురుంగ, కరెంటు పోయి వచ్చినంక అది ఏం చేయాల్నో రాయి” అంటిమి. ఇది గుమాస్తా బుద్ధి. ప్రతి పద్దుకు ఎదురుగా ఒక రిమార్కు లేనిదే మాకు తోచదు. గది తెలివిని ఆ కాగితము మీద మరల మొదటినుండి రూపొందించుటకు మాకు మూడు ఆదివారములు పట్టినది.

ముందు రాడ్డు. అది ఏ తెలివిగల ప్లగ్గుకును తగులరాదు. 16 ఆంపియర్ల గోడసాకెట్టున చేతితో వేయవలెను, చేతితో తీయవలెను, మనిషి ఎదుట నుండవలెను. వేడిచేయు వస్తువేదియు దూరపు ఆజ్ఞకు లోబడరాదని మా మొదటి తీర్మానము. ఇస్త్రీపెట్టెకు, కరెంటు పొయ్యికి అదియే వర్తించును.

రెండవది బుగ్గ. కొత్త బుగ్గలలో పెక్కు, కరెంటు రాగానే పూర్తి కాంతితో వెలుగునట్లు కంపెనీవారు ఏర్పరచి పంపుదురు. గోడ స్విచ్చు వేయగానే వెలుగకున్న కొనువాడు చెడిపోయినదనుకొనును గదా. ఫలితము మా చిన్ననాటి అర్ధరాత్రియే. ఇద్దరు పిల్లలును ఆ బాధ పడుచునే యుండిరి. ఫోనులో వెదకగా ఆ అలవాటును మార్చు చోటు దొరికినది. అది ఎంత లోపల దాగియున్నదో చెప్ప వలనుగాదు.

పంకా విషయము తారుమారు. ఓరుగల్లు ఎండలలో రాత్రి కరెంటు వచ్చినపుడు అది తానుగా తిరుగవలెను. మామూలు పంకా ఇంచుమించు 75 వాట్లు మింగును. బీఎల్‌డీసీ మోటారు గలది 30 వాట్ల సమీపమున సరిపుచ్చును. మీటరు లెక్కన చెల్లించు గదికి మిగిలిన వస్తువులన్నిటికంటె దీనివలన కలుగు లాభమే ఎక్కువయని మా లెక్క. ఓనరును ఒప్పించి ఆయన పంకాను భద్రముగా అటకమీద పెట్టించి, దీనిని తగిలించిరి.

ఇక ఇంటర్నెట్టు. వైఫై డబ్బా కరెంటుతో పాటే పోవును, వచ్చి కుదుటపడుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ వ్యవధిలో దూరదేశపు కంప్యూటరును అడుగనిదే కదలని వస్తువు మొద్దువలె పడియుండును. అట్టి కంప్యూటరు శాశ్వతమని నమ్మరాదు. 2016 మే నెలలో అమెరికాలో రివాల్వ్ అను ఇంటి యంత్రమునకు ఆధారమైన సర్వరును యజమాన్యము మూసివేయగా, సొమ్ము పెట్టి కొన్నవారి ఇండ్లలో అది వట్టి డబ్బాయై మిగిలినది. కావున మా మనుమరాలు గదిలోనే పనిచేయు చిన్న బోర్డు నొకటి తానే కూర్చుకొన్నది. 2005లో ఇటలీలోని ఇవ్రెయా ఊరిలో విద్యార్థుల కొరకని పుట్టిన ఆర్డుయినో, 2014 ప్రాంతమున చైనా నుండి వచ్చిన ఈఎస్‌పీ 8266 అను చౌక వైఫై చిప్పు, ఈ రెండును కాలేజీ పిల్లలకు ఇట్టి పని సాధ్యము చేసినవి. 2022లో పెక్కు కంపెనీలు కలిసి మ్యాటర్ అను ఉమ్మడి భాషను వెలువరించినవి; ఒక కంపెనీ బుగ్గ వేరొక కంపెనీ మాట వినునట్లు. అది మన దేశపు చిల్లర దుకాణము దాక వచ్చినపుడు చూతము.

మాట వినిపించుకొను పెట్టెను కొనవలెనని తోటిపిల్లకు ఉబలాటము. అలెక్సా మన దేశమునకు 2017లో ఇంగ్లీషుతో వచ్చెను, 2019లో హిందీ నేర్చెను. మా ఇంటి తెలుగులో సగము మరాఠీ మాటలు. మా మాట తెలుగుదేశపువారికే ఒకపాటి వింత. ఇద్దరుండు గదిలో చెవియొగ్గి కూర్చున్న పెట్టె ఇద్దరి మాటలను వినునుగదా, ఇద్దరును ఒప్పుకొనిరా అని మాత్రము అడిగితిమి. మా మనుమరాలు రాత్రివేళ తల్లితో తన కష్టసుఖములు చెప్పుకొనును. పెట్టె రాలేదు.

తేలిన ఖర్చు ఒక నెల అద్దెకు లోపుననే నిలిచినది, పంకా తప్ప. కాగితము నకలు మా వద్ద నున్నది. పిల్ల వ్రాయగా మేము దస్తూరి దిద్ది పంపితిమి, గది తలుపు వెనుక అంటించిరి. బుగ్గ: ఆరి ఉండవలె. పంకా: తిరుగవలె. వైఫై డబ్బా: చిన్న బ్యాటరీపై నడుచుచునే ఉండవలె. బల్లదీపము: పోవునపుడు ఎట్లుండెనో అట్లే. గది ఖాళీగా నున్నపుడు: ఏదియు తానై లేవరాదు, ఫోనుకు కబురు మాత్రము రావలె. ఈ కడపటి పంక్తి వైట్‌వాటర్ పంతులుగారి గంట నుండి మేము తీసికొన్నది. మొన్నటి గాలివానకు హనుమకొండలో రాత్రి మూడు గంటల సేపు కరెంటు పోయినదట. తెల్లవారి ఫోను చేసి అడిగితిమి. ఎప్పుడు వచ్చినదో తమకు తెలియదనియు, లేచి చూచునప్పటికి పంకా తిరుగుచుండెననియు చెప్పినది.