అద్దం పోయి కెమెరా వచ్చె

పుల్లలచెరువు దాటి నల్లమలలోకి మొదటిసారి పులుల లెక్కకు పోయినప్పుడు నా చేతిలో ఉన్నది అద్దం ముక్క. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అప్పట్లో అడుగుజాడలే లెక్క. ఎడమ వెనక కాలి ముద్ర దొరికితే, మీద అద్దం పెట్టి పెన్నుతో గీసేవాళ్లం, ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవాళ్లం. మెత్తటి దుమ్ములో అదే పులి అడుగు వెడల్పుగా పడేది. ఒక్కటి రెండయ్యేది!

2005లో, రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు కాగితాల మీద తప్ప అడవిలో లేవని తేలింది. ఆ అడుగుజాడల పద్ధతి పోయింది, కెమెరాలొచ్చాయి.

బాటకు అటొకటి ఇటొకటి, మోకాలెత్తున కడతాం. పులి చారలు రెండు పక్కలా ఒకేలా ఉండవు మరి. కట్టాక కెమెరా ముందు నేనే పులిలా పాకి చూసుకోవాలి. కార్డులో మొదటి బొమ్మ నాదే.

నేను చూసినంతలో పులి పట్టించుకోకుండా పోతుంది. చిరుత ఆగి సూటిగా చూస్తుంది. దుప్పి మెడ చాచి, ఒక్క దూకున మాయం. తంటా అంతా ఎలుగుతోనే. మా చేతి చెమట వాసనకో ఏమో, పట్టీ లాగి డబ్బా కొరుకుతుంది. ఒకసారి కార్డు తెరిస్తే చివరి బొమ్మలన్నీ దాని నాలుకే.