ఇల్లాలి పనికి కోర్టు కట్టిన వెల



2011లో జనాభా లెక్కలకి మా ఇంటికి వచ్చినాయన "అమ్మగారు ఏం పని చేస్తారండీ?" అని మావారిని అడిగారు. "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు మావారు. అప్పటికి ఆ వచ్చినాయన కోసం తెచ్చిన కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉంది!

ఒక్క మావారిని అని ఏం లాభం? కోర్టులూ చాలాకాలం ఇంచుమించు ఇదే మాట అన్నాయి. ప్రమాదంలో ఇల్లాలు పోతే ఆ కుటుంబానికి జరిగిన నష్టం ఎంత? దీనికి జవాబు దొరకడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది.

అసలు సూత్రం తేలికే. జాగ్రత్తగా ఉండవలసిన మనిషి అజాగ్రత్తగా ఉండి, దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, ఆ నష్టం డబ్బు రూపంలో పూడ్చాలి. మందుల ఖర్చు, పోయిన జీతం, పడ్డ బాధ అన్నీ లెక్కకొస్తాయి. చిక్కల్లా మనిషి పోయినప్పుడే.

1808లో ఇంగ్లండులో ఒక దావా నడిచింది. ప్రయాణీకుల గుర్రపుబండి బోల్తా పడి, పైన కూర్చున్న దంపతులు దెబ్బతిన్నారు. నెల్లాళ్ళకి భార్య ఆస్పత్రిలో కన్నుమూసింది. భర్తకి పానశాల ఉండేది, ఆ వ్యాపారంలో ఆవిడే ఆయనకి కుడిభుజం. అయినా జడ్జి లార్డ్ ఎలెన్‌బరో ఏమన్నాడంటే, మనిషి చావు సివిల్ కోర్టులో నష్టం కిందికి రాదట! ఆవిడ బతికున్న ఆ నెల్లాళ్ళ వరకే లెక్క. ఆయన దెబ్బలతో సహా మొత్తం 100 పౌన్లు ఇప్పించారు. అంటే కాలు విరగ్గొట్టినవాడికన్నా ప్రాణం తీసినవాడే తేలిగ్గా బయటపడేవాడన్నమాట.

రైళ్ళొచ్చి ప్రమాదాలు పెరిగాక 1846లో అక్కడ చట్టం మార్చారు. 1855లో మనకీ అటువంటి చట్టమే వచ్చింది. పోయినవారి భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల తరఫున పరిహారం అడగవచ్చు. అయితే లెక్క పోయినవారి సంపాదన చుట్టూనే తిరిగేది. మరి జీతం లేని ఇల్లాలి మాటేమిటి? 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టిక, భర్త ఆదాయంలో మూడోవంతు అంది. గుమాస్తా భార్య పెట్టిన చారుకన్నా ఆఫీసరు భార్య పెట్టిన చారుకే వెల ఎక్కువ. ఇదేం లెక్కో మీరే చెప్పండి!

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జంషెడ్జీ టాటా 150వ జయంతి ఉత్సవంలో పందిరి అంటుకుంది. అరవైమంది పోయారు. అందులో 26 మంది పిల్లలు, 25 మంది ఆడవాళ్ళు. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ముందు వేసిన లెక్కలో ఇల్లాళ్ళ సేవలకి ఏడాదికి 12,000 రూపాయలు కట్టారు. అంటే నెలకి వెయ్యి! వంటమనిషి కూడా ఒప్పుకోదు. 2001లో సుప్రీంకోర్టు అది మరీ తక్కువని, 34 నుంచి 59 ఏళ్ళ లోపు ఇల్లాళ్ళకి నెలకి 3,000 చేసింది. అరవై దాటినవాళ్ళకి ఏడాదికి 20,000. మొత్తం పెద్దదేమీ కాదు గాని, లెక్క మొదలైంది భర్త జీతం నుంచి కాదు, ఆవిడ చేసిన పని నుంచి.

2010లో అదే కోర్టు, 2001 జనాభా లెక్కలు ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిలేనివాళ్ళ జాబితాలో వేశాయని గట్టిగా తప్పుపట్టింది.

ఇక 2021 జనవరి 5న. ఢిల్లీలో మోటారుసైకిలు మీద వెళుతూ కారు గుద్ది ప్రాణం పోయిన ఒక చిన్న జంట కేసు అది. ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లిదండ్రులు మిగిలారు. హైకోర్టు 22 లక్షలకి తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33 లక్షల 20 వేలు చేసింది. జీతగాడికి ముందుముందు ఆదాయం పెరిగేదని కలిపినట్టే ఇల్లాలికీ కలపాలంది. ఆ తీర్పులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణగారు విడిగా తన మాట రాశారు. ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 సర్వే లెక్క అందులో ఉంది.

ఆ 97 నిమిషాలు మావారికి చదివి వినిపించాను. పేపరు దించలేదు. ఈసారి లెక్కలవాళ్ళొస్తే జవాబు నేనే చెప్తానని మాత్రం ముందే చెప్పి ఉంచాను.