కంథ, బొంత: అతుకుకూ పొరకూ మధ్య ఒక వస్తుచరిత్ర

ఉపోద్ఘాతం

పొసగని పక్షాలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వాన్ని పత్రికలు ‘అతుకుల బొంత’ అంటాయి. ఏకసూత్రత లేని గ్రంథాన్ని విమర్శకులు అదే మాటతో తోసిపుచ్చుతారు. ఈ ప్రయోగంలో బొంత అంటే పొందిక లేనిది, ఎప్పుడు విడిపోతుందో తెలియనిది. తెలుగు ఇళ్లలో స్త్రీలు తరతరాలుగా కుట్టిన బొంత స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. విడివిడిగా నిలవలేని పాత బట్టలను కలిపి మరికొన్నేళ్లు నిలబెట్టే వస్తువు అది. వస్తువుకూ పలుకుబడికీ మధ్య ఈ వైరుధ్యం ఎలా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాహిత్యంలోని కంథ అతుకుపై ఆధారపడినది, ఇంటి బొంత పొరపై ఆధారపడినది అన్నది ఇక్కడి ప్రతిపాదన.

విరక్తుని కంథ

బొంతకు సంస్కృత పర్యాయపదం ‘కంథ’. కావ్య, స్తోత్ర వాఙ్మయంలో అది తరచుగా విరక్తుని సొత్తుగా కనిపిస్తుంది. భర్తృహరి వైరాగ్యశతకంలో కంథ ప్రస్తావన రెండు భిన్న సందర్భాలలో వస్తుంది. నూరు పీలికల కంథ తప్ప మరో వస్త్రం లేని దీనుణ్ణి సైతం విషయవాంఛలు వదలడం లేదన్న నిర్వేదం ఒకచోట కనిపిస్తుంది. మరొకచోట అటువంటి కంథతోనే నిశ్చింతగా సంచరించే యోగి ప్రశంస వినిపిస్తుంది. భావం తలకిందులైనా రెండుచోట్లా కంథ లక్షణం ముక్కల సంఖ్యే. ఏనుగు లక్ష్మణకవి వంటి అనువాదకుల ద్వారా ఈ శతకం తెలుగు పాఠకులకు సన్నిహితమైంది. శంకరుల పేరిట ప్రచారంలో ఉన్న భజగోవింద స్తోత్రంలోని యోగి కంథ కూడా వీధిలో దొరికిన పేలికలతో కూర్చినదే.

ఈ భావనకు పాళీ వినయపిటకంలో మరింత స్పష్టమైన పూర్వరూపం ఉంది. మహావగ్గంలోని చీవరఖంధకం ప్రకారం బుద్ధుడు మగధలోని గట్లు వేసిన పొలాలను చూపి, ఆ తీరున చీవరాన్ని రూపొందించగలవా అని ఆనందుణ్ణి అడుగుతాడు. ఆనందుడు బట్టను ముక్కలుగా కోసి, కుట్టి చూపుతాడు. కోసిన బట్ట శ్రమణులకు తగినదనీ, దానిని దొంగలు కోరరనీ బుద్ధుడు మెచ్చుకుంటాడు. ఇక్కడ కోత ఒక పరిత్యాగ క్రియ. బట్టకున్న లోకపు విలువను పోగొట్టడానికే దానిని కోస్తున్నారు.

కన్నడ శరణ సంప్రదాయంలోని బొంతాదేవి కథ ఇదే ధోరణిలో సాగుతూనే ఒక మలుపు తిరుగుతుంది. సర్వసంగాలనూ, వస్త్రాన్ని సైతం త్యజించిన ఆమెకు శివుడు బొంతను ప్రసాదించాడని, అందువల్లనే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడ బొంత త్యాగచిహ్నంగా ఉంటూనే రక్షణగా, అనుగ్రహంగా కూడా మారింది. ఈ రెండవ అర్థం ఇంటి బొంతకు దగ్గరిది.

ఇంటి బొంత నిర్మాణం

ఇంటి బొంతకు ముడిసరుకు వీధిలో ఏరినది కాదు. ఆ ఇంటివారే కట్టి, ఉతికి, దాచిన నూలు చీరలు, పంచెలు, దుప్పట్లు. వీలైనంతవరకు వాటిని కోయరు. చీరను కావలసిన కొలతకు మడిచి పరుస్తారు. బాగా చివికిన గుడ్డలను లోపలి పొరలుగా వేసి, కాస్త గట్టిగా ఉన్న చీరలను పైనా కిందా ఉంచుతారు. చిరుగు ఉన్నచోట మాత్రమే మరో ముక్క పడుతుంది. పొరలు జరగకుండా ముందు పొడుగాటి టాకాలు వేసి, ఆపై పెద్ద సూదితోనో దబ్బనంతోనో పైకీ కిందికీ దూర్చుతూ వరుసలుగా కుడతారు.

బొంత మన్నికకు మూలం ఈ సాదా కుట్టే. ప్రతి పోటూ అన్ని పొరలనూ కలిపి పట్టడం వల్ల లాగుడు ఒక్క గుడ్డపై పడక అన్నింటికీ పంపకమవుతుంది. ఒక పొర చివికినచోట దాని కింది పొర ఆనుతుంది. పొరల మధ్య నిలిచిన గాలి చలిని ఆపుతుంది. కొత్త గుడ్డతో ఇంత మెత్తదనం రాదు. ఎన్నో ఉతుకులతో నూలు గరుకుదనం పోయి మృదువవుతుంది. పసిబిడ్డకు కొత్తబట్టకు బదులు పాత నూలు గుడ్డను పొత్తిగుడ్డగా వాడటానికీ, ఒడిలో పట్టే చిన్న బొంతను తల్లి, అమ్మమ్మల చీరలతో కుట్టడానికీ ఆధారం ఈ అనుభవజ్ఞానమే. చీవరం విషయంలో విలువను తగ్గించే కోత ప్రధానమైతే, ఇక్కడ విలువను నిలిపే మడత ప్రధానం.

కత్తిరింపు ముక్కల ప్రవేశం

ఈ భేదానికి మన వస్త్రధారణ చరిత్రలోనే కారణం ఉంది. చీర, పంచె, ఉత్తరీయం, తలపాగా మగ్గం నుంచి దిగినట్లే ధరించేవి. కత్తిరించి కుట్టే దుస్తులు తక్కువైనచోట కత్తిరింపు ముక్కలూ తక్కువే. కుట్టు దుస్తులు ప్రధానమైన ఐరోపా, అమెరికాలలో చిన్న ముక్కల కూర్పు బొంతల కళగా విస్తరించడానికి ఈ ముడిసరుకు లభ్యత ఒక కారణం. కుట్టుమిషన్లు వ్యాపించి, రవికలు, లంగాలు, చొక్కాలు ఊరి దర్జీ దగ్గర తయారైన తర్వాత మన బొంత పైపొరలో రంగురంగుల ముక్కలు పెరిగాయి. అడుగున పాత చీరల పొరలు ఉన్నా కంటికి కనిపించేవి అతుకులే. ‘అతుకుల బొంత’ అనే పలుకుబడికి సాహిత్యపు శతఖండ కంథ, కంటికి కనిపించే ఈ పైపొర రెండూ బలం చేకూర్చాయని భావించవచ్చు. అడుగుపొరకు ఆ పలుకుబడిలో చోటు దక్కలేదు.

తరువాతి మార్పు మరింత తీవ్రమైనది. పాలిస్టరు, నైలెక్సు చీరలు చెమటను పీల్చవు, ఎంత ఉతికినా నూలువలె మెత్తబడవు, పొరలుగా పరిస్తే జారిపోతాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే మారకం వీధుల్లోకి వచ్చాక బొంతకు చేరవలసిన చీరలు గిన్నెలుగా మారాయి. మిల్లు దుప్పట్లు చౌకగా లభించడంతో బొంత పేదరికపు గుర్తుగా మిగిలింది.

ముగింపు

ఇంటి బొంత చరిత్రకు లిఖితాధారాలు స్వల్పం. వాడకమే దానిని హరిస్తుంది. చివికిన బొంత అడుగుపరుపుగా, ఆపై మసిగుడ్డగా ముగుస్తుంది. పాత చీరల పొరలతోనే పుట్టిన బెంగాలీ కాంథా అదృష్టం వేరు. దానిపై బొమ్మలు కుట్టినందువల్ల అది సేకర్తల దృష్టిలో పడింది. గురుసదయ్ దత్ సేకరించిన కాంథాలు కోల్‌కతా సమీపాన జోకాలోని మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే కాంథాపై పరిశోధనవ్యాసం రాశారు. అలంకారం లేని తెలుగు బొంతకు అటువంటి ఆదరణ లభించలేదు. దానిని కుట్టిన స్త్రీల పనితనం ఇంటిపనిలో కలిసిపోయింది.

అయినా ఒక ఆధారం ఇంకా సజీవంగా ఉంది. నూలు చీరలతో బొంతలు కుట్టిన తరం స్త్రీలు నేటికీ మన మధ్య ఉన్నారు. పొరలకు, కుట్టు వరుసలకు, అంచు మడతకు, కొలతలకు వారు ప్రాంతాలవారీగా వాడే మాటలు మాండలిక వృత్తిపదకోశాలలో చేరాలి. బొంతను ‘కంథ’ అని మాత్రమే నిర్వచించిన నిఘంటువుకు అడుగుపొరల సంగతి తెలియదు. ఆ మాటలను సేకరించి, కుట్టిన విధానంతో సహా నమోదు చేసినప్పుడే బొంత ఆరోపానికి దాని తయారీదారులు పదజాలం రూపంలో రాసి ఉంచిన అర్థం మనకు అందుతుంది. ఆ తరంతోపాటు ఆ పదజాలమూ కనుమరుగయ్యేలోగా చేపట్టవలసిన క్షేత్రపరిశోధన ఇది.