నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్ దాకా: 52 కిలోల కథ

ఈసారి కొంచెం పొడుగ్గా రాశాను, ఓపికగా చదవండి. కష్టమైన మాటలు తక్కువే.

మబేలాలో మా పక్కింటి అమ్మాయి స్కూలు అయ్యాక జూడో నేర్చుకుంటోంది. శుక్రవారం పొద్దున్న తెలుగు చదువుకోడానికి మా ఇంటికి వస్తుంది. ఒక రోజు అడిగింది, "మామ్మగారూ, జూడోలో తెలుగు వాళ్ళు ఎవరైనా వరల్డ్ ఛాంపియన్ అయ్యారా?" నాకు ఒక్క పేరు కూడా గుర్తు రాలేదు. టోక్యో ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి జూడోలో వెళ్ళింది ఒక్కరే. ఆమె మణిపూర్‌కి చెందిన సుశీలా దేవి, 48 కిలోల విభాగం. కానీ జూడోకి పక్క వీధి లాంటిది బాక్సింగ్. అక్కడ మనకి నిఖత్ జరీన్ ఉంది.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. నిఘంటువులో బాక్సింగ్‌కి 'ముష్టియుద్ధం' అని ఉంది. నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని, నాకు ముష్టి అంటే బిచ్చం అనే తెలుసు. బిచ్చం కోసం యుద్ధం ఏమిటి అనుకున్నాను! సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి అట. మనం మాట్లాడేటప్పుడు బాక్సింగ్ అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు.

ఆడవాళ్ళని ఈ ఆటల్లోకి ఎవరూ పిలిచి కూర్చోబెట్టలేదు. 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో రస్టీ కనకోగి అనే ఆమె జుట్టు కత్తిరించుకుని, మగవాళ్ళ జట్టులో జూడో ఆడి గెలిచింది. తర్వాత నువ్వు ఆడదానివా అని అడిగారు. అవునంది. మెడల్ వెనక్కి తీసుకున్నారు. ఆ కోపం ఆమెకి పోలేదు. 1980లో ఆడవాళ్ళ మొదటి ప్రపంచ జూడో పోటీలు న్యూయార్క్‌లోనే జరిగాయి. వాటిని నిలబెట్టింది ఆమే, దానికోసం సొంత ఇల్లు కూడా తాకట్టు పెట్టింది. 48 కిలోల మెడల్ బ్రిటన్ అమ్మాయి జేన్ బ్రిడ్జ్‌కి వచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ జూడోకి మెడల్స్ ఇవ్వడం 1992లో మొదలైంది, బాక్సింగ్‌కి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు నిజామాబాద్ వెళ్దాం. నిఖత్ 1996లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. నాన్నగారు జమీల్ అహ్మద్ సౌదీలో సేల్స్ పని చేసేవారు. ఆయన ఆటలు ఆడిన మనిషి. పిల్లల కోసం గల్ఫ్ ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చేశారు. ఈ వాక్యం రాయడం తేలిక. ఇక్కడ ఉంటున్న మనకి తెలుసు ఆ పని ఎంత కష్టమో.

ఆమె మొదట పరుగు పందేలకి వెళ్ళేది. బాక్సింగ్ చోట ఆడపిల్లలు లేకపోవడం చూసి, ఎందుకు లేరని నాన్నని అడిగిందట. అంతే, మొదలైంది. 2009లో విశాఖపట్నంలో ఐ.వి. రావు గారి దగ్గర శిక్షణలో చేరింది. మా ఊరు విశాఖే కాబట్టి ఇది కొంచెం గర్వంగా చెప్తున్నాను. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2017లో భుజం ఎముక జారింది, ఆపరేషన్ అయ్యింది, చాలా నెలలు ఆట లేదు.

తర్వాత 2019. ఒలింపిక్ క్వాలిఫయింగ్ పోటీకి 51 కిలోల్లో మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండా పంపేలా ఉన్నారు. మేరీ కోమ్ అంటే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. నిఖత్ క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది: అందరికీ ట్రయల్ పెట్టండి అని. చాలామంది ఆమెకి పొగరు అన్నారు. నాకు అలా అనిపించదు. ఆమె అడిగింది సీటు కాదు, పోటీ. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1 తేడాతో గెలిచింది. అడిగి మరీ పెట్టించుకున్న పోటీలో అందరి ముందూ ఓడిపోవడం, ఇంకా ఇరవై మూడేళ్ళ పిల్ల!

2022 మే 19, ఇస్తాంబుల్. 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటమస్ మీద 5-0తో గెలిచింది. అంటే ఐదుగురు జడ్జిలూ ఆమె వైపే. ప్రపంచ ఛాంపియన్ అయిన ఐదో భారత మహిళ. ఇంకో విశేషం. 1994లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 54 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా ఇస్తాంబుల్‌లోనే.

ఈ కిలోల గొడవ ఏమిటంటే, బాక్సింగ్‌లో పోటీ ఉన్న రోజు పొద్దున్నే తూకం వేస్తారు. జూడోలో ముందు రోజు సాయంత్రం. గీత దాటితే ఆడనివ్వరు. 2022 కామన్‌వెల్త్ ఆటల్లో 52 లేదు, 50 ఉంది. రెండు కిలోలే కదా అనుకోకండి. ఒంట్లో కొవ్వు లేని మనిషికి రెండు కిలోలు అంటే తిండి, నీళ్ళు, నిద్ర. ఇస్తాంబుల్ అయిన మూడు నెలల లోపే బర్మింగ్‌హామ్‌లో 50 కిలోల్లో బంగారం గెలిచింది. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థీ టామ్‌ని ఓడించి రెండో ప్రపంచ టైటిల్. 2024 పారిస్‌లో మాత్రం రెండో బౌటులోనే చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. 0-5. ఆ వూ యూనే తర్వాత బంగారం గెలిచింది.

ఇదంతా మా అమ్మాయికి చెప్తే ఆమె పట్టుకున్నది ఒకటే. "తూకం అంటే కూరగాయలకి కదా మామ్మగారూ?" మనుషులకీ వేస్తారమ్మా అన్నాను.

మొన్న గుడిలో ప్రసాదం వడ్డిస్తుంటే, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన డ్రైవరు ఒకతను కనిపించాడు. నిఖత్ గురించి రాస్తున్నానని చెప్పాను. "మా ఊరి పిల్లే అమ్మా" అని నవ్వాడు. ఫోన్లో తన కూతురి ఫోటో చూపించాడు, ఆరో క్లాసు, కబడ్డీ ఆడుతుందట. నువ్వెప్పుడు వెళ్తావు బాబూ అని అడిగాను.

"రెండేండ్లల్ల పోతా అమ్మా" అన్నాడు. పోయిన ఉగాదికి కూడా అదే చెప్పాడు.