ఒక్క సీసాతో నిలబడిన వ్యాపారం

వ్యాపారమనగానే మనవాళ్ళు పెట్టుబడి లేదని వెనకాడతారు. అటువంటి వారికి మేము జిందా తిలిస్మాత్ చరిత్ర చెబుతుంటాము. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ సాహెబ్ 1920లో హైదరాబాదులో ఈ యునానీ మందు మొదలుపెట్టారు. అందులో ముఖ్యమైనది నీలగిరి తైలం. జలుబు చేస్తే వేడినీళ్ళలో నాలుగు చుక్కలు, నొప్పికి పైపూత, అన్నిటికీ ఒకటే సీసా. దానిమీద నిజాం కొలువులోని హబ్షీ సిపాయి బొమ్మ వేశారు. చదువురాని వాడు కూడా గుర్తుపడతాడు గదా! తర్వాత ఫారూఖీ పళ్ళపొడి వచ్చిందేగాని, సరుకులు పెంచుకుంటూ పోలేదు. నూరేళ్ళు దాటినా అంబర్‌పేటలో ఆ మందు తయారవుతూనే వుంది.

మనవాళ్ళు కొందరు ఆర్నెల్లకో బోర్డు మారుస్తారు. నిన్న చెప్పులు, నేడు అత్తరు. గిరాకీలు గుర్తుపెట్టుకునేలోగా దుకాణమే మారిపోతుంది. కొత్తగా దిగే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్క సరుకు పట్టుకుని రెండేళ్ళు ఓపికపట్టండి. గల్లా డబ్బు మాత్రం ఇంటిఖర్చులో కలపొద్దు, దానికి వేరే పుస్తకం పెట్టండి.